తిలంగా నుంచి వాయుసేన దాకా: ఎండ దేశపు యూనిఫాం ఎవరి ఒంటికి కుట్టారు?

మన ఒంటి మీది చరిత్ర – 9వ భాగం



1857లో ఢిల్లీ బజార్లలో జనం తిరుగుబాటు సిపాయిలను ఏమని పిలిచేవారో తెలుసా? "తిలంగాలు" అని. ఆ సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహార్ ప్రాంతాల బ్రాహ్మణులు, రాజపుత్రులు. మన తెలుగు ముఖం వాళ్లలో దాదాపు లేదు. అయినా వాళ్లకు మన పేరే అంటుకుంది. కారణం అంతకు వందేళ్ల ముందుది. 1756-57లో క్లైవు మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఉన్నారు. ఎర్రకోటు తొడుక్కుని, వరుసలో నిలబడి, ఒకే అడుగు వేసే సిపాయిని ఉత్తరాది జనం వాళ్లలోనే మొదట చూశారు. అప్పటినుంచి కంపెనీ కోటు తొడిగినవాడు ఏ కులంవాడైనా, ఏ ఊరివాడైనా తిలంగానే అయ్యాడు.

అంటే ఒకప్పుడు ఉత్తర హిందూస్థాన్‌లో యూనిఫాంకు మారుపేరు మనం. ఆ పేరు మన ఒంటి మీదినుంచి ఎట్లా ఊడిపోయింది? ఎవరు ఊడదీశారు? ఈ భాగంలో ఆ సంగతి చెప్తాను. అందులోనూ వాయుసేన బట్టల సంగతి ఎక్కువ చెప్తాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్లల్ల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, తెల్లారకముందే లేచి గ్రౌండు చుట్టూ పరుగెత్తే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు తొడగాలనుకుంటున్న బట్టకు ఒక చరిత్ర ఉంది. అది తెలిసి తొడిగితే మంచిది.

ముందు ఎర్రకోటు. అది ఉన్ని కోటు. ఇంగ్లండు చలికి కుట్టిన కోటును మన మద్రాసు ఎండలో తొడిగించారు. మెడ నిటారుగా ఉండాలని గట్టి పట్టీ బిగించారు. ఎండకు సిపాయి సొమ్మసిల్లితే సిపాయి బలహీనుడన్నారు గాని, కోటు తప్పని అనలేదు. 1806లో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కారణాల్లో ఒకటి కొత్త టోపీ. దానికి తోలు తురాయి పెట్టారు. నుదుటి మీది కులచిహ్నాలు తీసేయమన్నారు, గడ్డాల మీద ఆంక్ష పెట్టారు. తోలు తగిలితే మతం పోతుంది, కులం పోతుంది అన్న భయం రాజుకుంది. తోలు ముట్టుకుంటే పోయే కులాలు కొన్ని, ఆ తోలు పనితోనే బతకాల్సిన కులం ఇంకొకటి. యూనిఫాం చరిత్రలో మన మాదిగ ఇంటి పని కనిపించేది ఇక్కడే, అదీ ఒక అపవిత్రమైన వస్తువుగా.

అదే మద్రాసు సైన్యంలో పరయలు, మన దిక్కు అంటరాని కులాలవాళ్లు కూడా సిపాయిలుగా ఉన్నారు. బొంబాయి సైన్యంలో మహర్లు ఉన్నారు. 1818 జనవరి 1న భీమా కోరేగావ్‌లో మహర్ సిపాయిలతో పాటు మద్రాసు ఆర్టిలరీ ఫిరంగులు కూడా పేలాయి. ఊళ్లో చొక్కా తొడగనివ్వని మనిషికి కంపెనీ కోటు ఇచ్చింది. కంపెనీకి మన మీద ప్రేమ ఉండి కాదు, దానికి మనుషులు కావాలి. కానీ కోటు తొడిగిన మనిషి ఊరికి తిరిగి వచ్చినప్పుడు మునుపటి మనిషిగా రాలేదు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. సైనిక పాఠశాలలో చదువు చెప్పినవాడు. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ ఏమయ్యాడో మనకు తెలుసు.

ఆ తర్వాత తలుపు మూశారు. లార్డ్ రాబర్ట్స్ అనే సేనాధిపతి 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్నాడు. "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతానికి బలం పోసింది ఆయనే. చల్లటి ప్రాంతాల్లో పుట్టినవాళ్లు వీరులు, దక్షిణాది వేడికి మనుషులు మెత్తబడతారు, కాబట్టి తెలుగువాళ్లు, తమిళులు సైన్యానికి పనికిరారు అని లెక్క కట్టారు. తెలుగు పటాలాలను ఒక్కొక్కటే తగ్గించారు. 1890ల మొదట్లో మహర్లను కూడా సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. ఉత్తరాదికి సిపాయి అనే రూపాన్ని చూపించిన తిలంగాకు సిపాయి అయ్యే అర్హతే లేదన్నారు. దానికి చూపించిన కారణం వేడి!

ఈ "వేడి" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసం అంతా దాని చుట్టే తిరుగుతుంది.

సరే, ఎండకు తగిన బట్ట ఎప్పుడు వచ్చింది? 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ అనే అధికారి "గైడ్స్" అనే దళాన్ని పెట్టాడు. ఎర్రకోటు పక్కనపెట్టి, వదులుగా ఉండే నూలు బట్టకు మట్టిరంగు వేయించాడు. పారశీకంలో ఖాక్ అంటే మట్టి, దుమ్ము. అదే ఖాకీ. 1857లో చాలా దళాలు తమ తెల్ల బట్టలను టీ డికాక్షన్, మట్టి, దొరికిన రంగు ఏదైతే అందులో ముంచి మట్టిరంగు చేసుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఖాకీ బ్రిటిష్ సామ్రాజ్యమంతా పాకింది.

ఒక్కసారి ఆలోచించండి. మట్టిరంగు బట్ట కొత్త ఆవిష్కరణ అంట! నాగర్‌కర్నూల్ చెల్కల్లో గుంటక తోలే మనిషి బట్ట ఏ రంగులో ఉంటుంది? ఉతికీ ఉతికీ, మట్టి పట్టీ పట్టీ ఖాకీ రంగే. అది మా తాతల ఒంటి మీద ఉంటే మురికి. అదే రంగు అద్దకంలో పడి, గంజి పెట్టించుకుని, ఇస్త్రీ మడత పడితే యూనిఫాం.

ఇక గాలిలోకి పోదాం.

రాయల్ ఎయిర్‌ఫోర్స్ 1918 ఏప్రిల్ 1న పుట్టింది. కొద్దికాలానికే దానికంటూ నీలి బూడిదరంగు యూనిఫాం వచ్చింది. కానీ అది చలిదేశపు ఉన్ని. ఇరాక్, ఈజిప్టు, ఇండియాలలో పనిచేసేవాళ్లకు ఖాకీ డ్రిల్లు ఇచ్చారు. డ్రిల్లు అంటే ఏటవాలు నేతతో గట్టిగా నేసిన నూలు గుడ్డ. చొక్కా, నిక్కరు, మోకాలిదాకా మేజోళ్లు, బూట్లు, నెత్తిన సోలా టోపీ. 1932 అక్టోబరు 8న ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ ఏర్పడినప్పుడు మనవాళ్లు కూడా ఈ ఎండాకాలపు ఖాకీలోకే వచ్చారు.

వాయుసేన బట్టకు పదాతిదళం బట్టకు లేని చిక్కు ఒకటి ఉంది. సైన్సు చదివే తమ్ముళ్లు ఇది పట్టుకోవాలి. పైకి పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మే నెలలో నాగర్‌కర్నూల్‌లో నేల మీద 42 డిగ్రీలు ఉందనుకోండి. అయిదు వేల మీటర్ల ఎత్తుకు పోతే అక్కడ పది డిగ్రీల దగ్గర ఉంటుంది. నేల మీద కాక్‌పిట్‌లో కూర్చున్నవాడు అద్దాల పెట్టెలో ఉడికిపోతాడు, పైకి పోయినంక వణుకుతాడు. రెండింటికీ ఒకటే బట్ట. పాతరోజుల్లో కాక్‌పిట్లకు కప్పు కూడా లేదు. పైలట్లు వేసుకునే తోలు హెల్మెట్ ఐరోపాకు బాగుండేది. మన ఎండకు తట్టుకోలేక రెండో ప్రపంచ యుద్ధకాలంలో దాని బదులు ఖాకీ నూలుగుడ్డతో "డి టైప్" హెల్మెట్ తెచ్చారు. మొదట్లో దానికి మెడ మీద ఎండ పడకుండా వెనకకు ఒక గుడ్డ వేలాడేది. మన పొలంకాడ అవ్వలు కొంగును మెడ మీదికి కప్పుకుంటారు చూడండి, అదే ఉపాయం.

ఇంకో చిక్కు నిప్పు. ఎండకు నిక్కరు, పొట్టిచేతుల చొక్కా సుఖం. కానీ విమానంలో పెట్రోలు అంటుకుంటే ముందు కాలేది బట్ట లేని చర్మమే. ఎండదేశాల్లో నిక్కర్లతో ఎగిరిన పైలట్లు ఈ పాఠం ఒళ్లు కాల్చుకుని నేర్చుకున్నారు. అందుకే ఎంత ఉక్కపోసినా నిండుచేతులు, గ్లౌజులు. ఇవాళ్టి ఫ్లయింగ్ సూట్లకు వాడే నోమెక్స్ లాంటి నూలు మంటకు కరిగి ఒంటికి అతుక్కోదు. మామూలు పాలిస్టర్, నైలాన్ కరిగి అతుక్కుంటాయి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర ఒక్కసారే పొంగి నడిగడ్డ, అలంపూర్, కర్నూలు మునిగినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు ఆహారపొట్లాలు జారవిడిచాయి గుర్తుందా? హెలికాప్టర్లు నడిపేవాళ్లు మెడనుంచి కాళ్లదాకా ఒకటే ఓవరాల్ వేసుకునేది షోకుకు కాదు, నిప్పుకు భయపడి.

బర్మా యుద్ధంలో ఖాకీ కూడా పనికిరాలేదు. ఎడారిలో కలిసిపోయే మట్టిరంగు పచ్చటి అడవిలో దూరానికే కనబడింది. ఖాకీ బట్టలనే పచ్చరంగులో ముంచారు, తర్వాత అడవిపచ్చ బట్టలే కుట్టారు. విమానం కూలి అడవిలో పడ్డ పైలట్ బతికి బయటపడాలంటే మందులు, దిక్సూచి, కత్తి లాంటివి ఒంటి మీదే ఉండాలి. అందుకోసం నిండా జేబులతో "బీడన్ సూట్" అని ఒకటి వచ్చింది. ఎండ, చలి, నిప్పు, అడవి, దోమ. ప్రతి ఒక్కదానికీ ఆలోచించి బట్ట కుట్టారు. ఒక మనిషి శరీరం విలువైనదని ప్రభుత్వం అనుకుంటే దానికోసం ఎంత బుర్ర పెడుతుందో ఇక్కడ చూడొచ్చు.

మరి అందరి శరీరాలూ విలువైనవేనా?

ఇక్కడ సోలా టోపీ కథ చెప్పాలి. సోలా అంటే చెరువుల్లో, మడుగుల్లో పెరిగే నీటి జీలుగు. దాని లోపలి తెల్లటి బెండుతో మనవాళ్లు పెళ్లి బాసికాలు, బొమ్మలు చేస్తారు. ఆ జీలుగుబెండుతోనే తెల్లదొరల టోపీ చేసేవారు. తేలిక, చల్లదనం. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ టోపీ చుట్టూ వాళ్లు ఒక శాస్త్రం అల్లారు. ఉష్ణదేశపు సూర్యుడి నుంచి వచ్చే ప్రత్యేకమైన కిరణాలు తెల్లవాడి పుర్రెలోకి, వెన్నులోకి దూరి అతన్ని పిచ్చివాణ్ని చేస్తాయని నమ్మారు. వెన్నుపూస మీద ఎండ తగలకుండా మెత్తటి పట్టీలు కట్టుకున్నారు. కిరణాలను ఆపుతుందని లోపల ఎర్రనూలు వేసి "సోలారో" అనే బట్ట నేయించుకున్నారు. టోపీ లేకుండా ఎండలోకి పోవడం శిక్షపడే తప్పయింది.

మరి అదే ఎండలో విమానాశ్రయం రన్‌వేకు రాళ్లు మోసే కూలీ సంగతి? "నల్లతోలు గదా, వాళ్లకు అలవాటే" అన్నారు. ఒకే సూర్యుడు, రెండు శాస్త్రాలు.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ఈ శాస్త్రం దానంతటదే కూలిపోయింది. లక్షలమంది సైనికులు ఎడారుల్లో, బర్మాలో మామూలు టోపీలతో, బట్టటోపీలతో తిరిగారు. ఎవరి పుర్రెలోకీ ఏ కిరణమూ దూరలేదు. సైన్యం సోలా టోపీని వదిలేసింది. తర్వాత శరీరశాస్త్రం తేల్చింది వేరే సంగతి. వేడికి శరీరం అలవాటుపడటం నిజమే, కానీ దానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. తెల్లవాడికైనా నల్లవాడికైనా జరిగేది ఇదే. నాలుగు వారాలు ఏసీ గదిలో కూర్చుంటే ఆ అలవాటు చాలావరకు పోతుంది కూడా. అంటే వేడిని తట్టుకోవడం కులంతో వచ్చే గుణం కాదు, జాతితో వచ్చేదీ కాదు. రోజూ ఎండలో పనిచేయించబడటంతో వచ్చేది. ఆ అలవాటు ఉన్నవాడికి కూడా నీళ్లు, నీడ, బట్ట లేకపోతే వడదెబ్బ తగులుతుంది, చచ్చిపోతాడు.

తెల్లదొర శాస్త్రం పోయింది. మన ఊరి దొర శాస్త్రం పోయిందా? "వాళ్లకు ఎండ అలవాటే, చెప్పులు లేకపోయినా అరికాళ్లు గట్టివి" అన్న మాట మన పాలమూరు పల్లెల్లో ఎన్ని తరాలు విన్నాం? ఆ అలవాటు పేరు మీదనే మన మనుషులను దేశమంతా తిప్పి ప్రాజెక్టులు కట్టించారు. పాలమూరు లేబర్ అంటే ఎంత ఎండకైనా ఆగని మనుషులని పేరు. అది పొగడ్త అనుకుంటే మనం మోసపోయినట్టే. "తట్టుకుంటారు" అన్నచోటల్లా "కాబట్టి ఇవ్వనక్కరలేదు" అన్న రెండో సగం దాక్కుని ఉంటుంది.

ఇప్పుడు మన నేల మీదికి, నెత్తి మీది బట్ట దగ్గరికి వద్దాం.

1918లో హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాళ్లకు ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా డీహెచ్-9ఏ విమానాలు కొనిచ్చాడు. అదే 110వ స్క్వాడ్రన్. దానికి "హైదరాబాద్" అని పేరు చేర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాదు పేరు పెట్టారు. 152వ స్క్వాడ్రన్ చిహ్నం ఏమిటో తెలుసా? నిజాం తలపాగా. దాని కింద "నమ్మకమైన మిత్రుడు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. బ్రిటిష్ వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదది. ఆ తలపాగా గుర్తును మోసుకుంటూ స్పిట్‌ఫైర్లు ముందు ఇంగ్లండు ఆకాశంలో, 1943 చివరినుంచి బర్మా వైపు ఎగిరాయి.

నిజాం ఖజానా ఎక్కడినుంచి నిండింది? భూమిశిస్తు నుంచి, పన్నుల నుంచి, సంస్థానాలు కట్టే పేష్కష్ నుంచి. గద్వాల, వనపర్తి ఆ సంస్థానాల్లో పెద్దవి. సంస్థానాలకు రైతు కట్టాడు. రైతు దగ్గర, దొర దగ్గర వెట్టి చేసింది మనం. ఏ విమానం రెక్కలో మన పైసా ఎంతుందో వేరుచేసి చూపలేం గాని, ఆ గొలుసు చివర నిలబడ్డది మన వాడే.

ఆ ఊళ్లల్ల అప్పుడు మన తలకు ఏ గుర్తింపు ఉంది? దొర ఎదురైతే నెత్తిన రుమాలు తీసి చంకలో పెట్టుకోవాలి. చెప్పులు విడిచి చేతపట్టుకోవాలి. పంచె మోకాలు దాటి కిందికి దిగకూడదు. ఆడమనిషి చీర కుచ్చిళ్లు పాదాలదాకా జారితే పొగరన్నారు. మే నెల ఎండలో రుమాలు తీయించడమంటే అవమానం ఒక్కటే కాదు. అది ప్రాణం మీది పని. నిజాం తలపాగా మబ్బుల్లో ఎగురుతుంటే, ఆ రాజ్యంలోని మాల, మాదిగ తల ఎండలో బోడిగా వంగి ఉంది. ఉష్ణదేశంలో తలకు కప్పు అవసరమని సామ్రాజ్యమంతటికీ తెలుసు. అది మనకు ఉండకూడదని ఊరికి తెలుసు.

1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని చీరకట్టు గురించి ఎందుకు మాట్లాడారో ఇప్పుడు అర్థం చేసుకోండి. మన కులం తెలిసేట్టు కట్టుకోవద్దు, నిండుగా, శుభ్రంగా కట్టుకోండి అన్నారు. పెద్ద రాజకీయ ఉద్యమం మధ్యలో చీర ఎత్తు గురించి మాట్లాడటం చిన్న విషయం కాదు. ఆయన సైన్యం పిల్లవాడు. ఒంటి మీది బట్ట మనిషి నడకను ఎట్లా మారుస్తుందో ఇంట్లోనే చూశాడు. 1941లో డిఫెన్స్ అడ్వైజరీ కమిటీలో చోటు దొరికినప్పుడు మహర్లకు మళ్లీ సైన్యం తలుపు తెరవాలని ఒత్తిడి చేశాడు. అదే ఏడాది అక్టోబరులో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. 1943లో చమార్ రెజిమెంట్ కూడా పెట్టారు గాని, యుద్ధం అయిపోగానే 1946లో తీసేశారు.

తల అయింది, ఇక పాదాలు.

తంగేడు ఇవాళ మన రాష్ట్ర పువ్వు. బతుకమ్మలో పసుపుపచ్చగా మెరుస్తుంది. మా ఇంట్లో మాత్రం తంగేడు అంటే ముందు గుర్తొచ్చేది పువ్వు కాదు, చెక్క. మా ముత్తాత కాలంలో తోలును సున్నంలో నానబెట్టి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్లలో లందలో ఊరబెట్టేవారు. చేతులకు ఎర్రటి మరక, ఒంటికి పోని వాసన. ఆ వాసన పేరు చెప్పి మమ్మల్ని దూరం కూర్చోబెట్టారు. ఈ తంగేడు చెక్క, కరక్కాయలతో ఊనిన దక్షిణాది ఆవుతోళ్లను మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడల్లో పంపేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం బూట్ల పైభాగానికి ఆ తోలు ఎంత అవసరమైందంటే, దాని కొనుగోలునే ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. సైన్యం బూటులో ఉన్న రసాయనశాస్త్రం మాదిగ లంద శాస్త్రమే. దాన్ని కాలేజీలో చెప్తే లెదర్ టెక్నాలజీ. వాడలో చేస్తే అంటు.

పువ్వుకు రాష్ట్ర హోదా వచ్చింది. చెక్కకు ఎప్పుడొస్తుందో చూడాలి.

ఇక ఇవాళ్టి సంగతి. ఇది అసలు విషయం, దయచేసి ఓపికగా చదవండి.

వాయుసేనలో మంచి ఒకటి ఉంది. పదాతిదళంలో కులం పేరుతో, ప్రాంతం పేరుతో రెజిమెంట్లు ఉన్నట్టు వాయుసేనలో స్క్వాడ్రన్లు లేవు. 1933 ఏప్రిల్‌లో కరాచీ డ్రిగ్ రోడ్డులో మొదటి స్క్వాడ్రన్ పని మొదలుపెట్టినప్పుడు కొద్దిమంది పైలట్లు, 19 మంది "హవాయి సిపాయిలు" ఉన్నారు. వాళ్లలో హర్జిందర్ సింగ్ అనే ఆయన ఇంజనీరింగ్ చదివి కూడా సిపాయిగా చేరాడు, తర్వాత ఎయిర్ వైస్ మార్షల్ దాకా ఎదిగాడు. విమానానికి కులం తెలియదు. బోల్టు సరిగా బిగించావా లేదా అన్నదే దానికి తెలుసు. అందుకే వాయుసేన గేటు దగ్గర "యుద్ధ జాతి" సర్టిఫికెట్ పనిచేయలేదు, చదువు పనిచేసింది.

ఆ చదువు దగ్గరే పాత గోడ కొత్తగా లేచింది. అగ్నివీర్‌వాయు సైన్స్ విభాగానికి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లీషు ఉండాలి, సగం మార్కులు రావాలి. లేదంటే మూడేళ్ల ఇంజనీరింగ్ డిప్లొమా. సైన్యం నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదన్న సంగతి కూడా మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్‌తో ఉద్యోగం నాలుగేళ్లకు కుదిరింది. ఆ తర్వాత పర్మినెంటుగా ఉంచుకునేది నలుగురిలో ఒక్కరిని మించదు. నాలుగేళ్లకు యూనిఫాం విప్పి వచ్చే ముగ్గురికి ఊరు ఏ బట్ట తొడిగిస్తుంది? ఈ ప్రశ్న వేయాల్సింది మనమే.

ఇంకొకటి. వాయుసేనలో మొదటినుంచీ యుద్ధపు పనివాళ్లు కాని వేరే వర్గం ఉంది. బ్రిటిష్ కాలంలో వాళ్లను "ఫాలోయర్లు" అనేవారు. ధోబీ, మంగలి, మోచీ, భిస్తీ, సఫాయివాలా. ఖాకీ నిక్కరుకు కత్తిలాంటి మడత పెట్టింది ధోబీ, బూటును అద్దంలా చేసింది మోచీ. ఆ మడత, ఆ మెరుపు మాత్రం దొరవి. కులవృత్తుల పటం తీసుకొచ్చి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో పరిచినట్టు ఉండేది. ఆ వర్గం తర్వాత "నాన్ కంబాటెంట్" పేరుతో కొనసాగింది. ఇవాళ అగ్నివీర్‌వాయు నాన్ కంబాటెంట్ నోటిఫికేషన్లలో హాస్పిటాలిటీ, హౌస్‌కీపింగ్ అని రెండు విభాగాలు కనిపిస్తాయి. అర్హత పదో తరగతి.

హౌస్‌కీపింగ్ పని తక్కువదని నేను అనడం లేదు. మా అమ్మ చేసిన పని అదే, ఆ జీతంతోనే నేను చదివాను. పని తక్కువది కాదు, పని పంచే లెక్క తప్పు. ఏ కులం పిల్లలు ఏ విభాగంలోకి పోతున్నారు? కాక్‌పిట్ దగ్గర ఎంతమంది, చీపురు దగ్గర ఎంతమంది? ఈ లెక్క ప్రభుత్వం బయటపెట్టాలి. సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి సంఘాలు అడగాలి. లెక్క చెప్పకపోతే, ఎందుకు చెప్పరో రాతపూర్వకంగా చెప్పమనాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఇవాళ నాగర్‌కర్నూల్ ఎస్సీ రిజర్వుడ్ లోక్‌సభ స్థానంలోనే ఉన్నాయి. మన ఓటుతో, మన కోటాలో గెలిచినవాళ్లు పార్లమెంటులో ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అడిగేదాకా ఏ పార్టీవాళ్లనైనా మనం అడగాలి.

విద్యార్థులకు ఒక మాట. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. నెహ్రూ వచ్చి ప్రారంభించారు. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో డిగ్రీ కాలేజీ ఉంది. మన ముత్తాతలు చెప్పులు చేతపట్టుకుని, రుమాలు చంకలో పెట్టుకుని నిలబడ్డ గడపలవి. ఇప్పుడు అక్కడ మెకానికల్, ఎలక్ట్రికల్ పుస్తకాలు చేతపట్టుకుని పోవచ్చు. ఆ డిప్లొమా వాయుసేన సాంకేతిక విభాగం గేటు తెరుస్తుంది. పదో తరగతి అవగానే "మ్యాథ్స్ మనవల్ల కాదు" అని మిమ్మల్ని ఎవరైనా అంటే, "ఎండ మనకు అలవాటే" అన్న మాటకు అది తమ్ముడని గుర్తుపెట్టుకోండి. రెండూ ఒకే నోటినుంచి వచ్చాయి.

చెల్లెళ్లకు ఇంకో మాట. 2016 జూన్‌లో దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు యూనిఫాం మీద రెక్కలు తొడుక్కున్నది ఎక్కడో కాదు, మన హైదరాబాదు పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో. వనపర్తి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటారు. అంత దగ్గర. మన వాడల నుంచి ఎంత దూరమో మాత్రం మీరే కొలవాలి, తగ్గించాలి.

యూనిఫాం దానంతటది విముక్తి కాదు. అది ఎవరి మీదికి తుపాకీ ఎత్తమంటే వాళ్ల మీదికి ఎత్తాల్సిన బట్ట కూడా. ఆ చర్చ వేరే భాగంలో చేద్దాం. కానీ ఎండకు కప్పు, కాలికి బూటు, నిప్పుకు అడ్డు, నెల తిరిగేసరికి జీతం, వీటికి తగిన శరీరం నీది కాదని ఎవరన్నా ఒప్పుకోవద్దు. నెత్తిన రుమాలు తీయొద్దు.

వచ్చే భాగం: మోట తొండం. బావినీళ్లు ఎవరివి, వాటిని తోడిన తోలు ఎవరిది?

మీ ఊళ్లో మిలిటరీ నుంచి తిరిగి వచ్చిన మన తాతలు, పెద్దనాయినలు ఉంటే వాళ్ల పాత ఫొటోలు దాచిపెట్టండి. ఏ సంవత్సరం, ఏ పటాలం, ఏ పని చేశారో అడిగి రాసిపెట్టండి. వాళ్లు పోతే ఆ చరిత్ర రాయడానికి ఇంకెవరూ రారు.

జై భీం. జై సావిత్రీమాయి.